కొత్తగా సంఘం లీడర్ అయ్యాను, పది లక్ష్యాలు రాసుకున్నా ఒక్కటీ కదలడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

చెల్లెమ్మా, నన్ను "అక్కా" అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. చదివే మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కదా, ముందు నీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పత్తికొండ దగ్గర పల్లెకు కోడలిగా వచ్చావు, డిగ్రీ చదివావు, చదువుకున్న పిల్ల అని పొదుపు సంఘానికి లీడర్‌గా నిన్ను ఎన్నుకున్నారు. చాలా ఏళ్లు లీడర్‌గా ఉన్న పెద్దావిడ ఇప్పుడు మీటింగులో గోడకు ఆనుకుని కూర్చుని నోరు విప్పడం లేదు. నువ్వు మాట్లాడబోతే గొంతు వణుకుతోంది. ఇద్దరు సభ్యులు కంతులు కట్టడం లేదు. రోజూ రాత్రి ఫోన్‌లో లీడర్‌షిప్ వీడియోలు చూసి ఉగాదికి నోట్‌బుక్‌లో పది లక్ష్యాలు రాసుకున్నావు, ఒక్కటీ కదల్లేదు. "నాలో లీడర్ లక్షణాలే లేవేమో, మానుకోవాలా" అని అడిగావు.

మానుకోవద్దు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాల ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలోనే నా ఉద్యోగం అంతా గడిచింది. మొదటి మీటింగులోనే గొంతు వణక్కుండా మాట్లాడినవాళ్లు మంచి లీడర్లు అవుతారని నేనైతే ఎక్కడా చూడలేదు. నిలబడినవాళ్లలో నేను చూసింది ఒకటే గుణం. "వచ్చే గురువారం పాస్‌బుక్కులు తెస్తాను" అంటే ఆ గురువారం సంచిలో పాస్‌బుక్కులు ఉంటాయి. అంతే. అలా నాలుగు నెలలు జరిగాక వాళ్లు మెల్లగా మాట్లాడినా జనం వింటారు. కాబట్టి లక్ష్యం పెట్టుకోవడం అంటే నేను చెప్పేది, నీకు నువ్వు ఒక మాట ఇచ్చుకుని దాన్ని నలుగురికీ కనబడేటట్టు నిలబెట్టుకోవడం. లీడర్‌షిప్ అక్కడ మొదలవుతుంది, మైకు దగ్గర కాదు.

ఇక నీ పది లక్ష్యాల సంగతి. ధైర్యంగా మాట్లాడాలి, సంఘాన్ని మండలంలో మొదటి స్థానంలో పెట్టాలి, కుట్టు మిషన్ల యూనిట్ పెట్టాలి, ఇంగ్లీష్ నేర్చుకోవాలి, పొద్దున్నే ఐదుకు లేవాలి, బాకీలన్నీ వసూలు చేయాలి, కోపం తగ్గించుకోవాలి, ఇంకో మూడు. చదివితే బాగానే ఉన్నాయి. కానీ ఒకసారి నువ్వే అడుగు: "ధైర్యంగా మాట్లాడాలి" అన్నది ఈ రోజు జరిగిందా లేదా అని రాత్రి పడుకునే ముందు చెప్పగలవా? చెప్పలేవు. "మండలంలో మొదటి స్థానం" నీ చేతిలో ఉందా? మిగతా సంఘాలు ఏం చేస్తాయో నీకేం తెలుసు. పైగా పదింటిలో ఏది ముందో రాయలేదు, ఎప్పటిలోగానో రాయలేదు. ఇందులో నీ లోపమేమీ లేదు, ఈ వీడియోలు నేర్పే పద్ధతే అది. పెద్దగా కలగను, గోడ మీద అంటించుకో, విశ్వం ఇస్తుంది అంటారు. విశ్వం సంగతి నాకు తెలియదు గానీ సంఘాల లెక్కలు రాసే మీ యానిమేటర్ మాత్రం నువ్వు అడగకుండా క్యాష్‌బుక్ నీ చేతికి ఇవ్వదు.

లక్ష్యాల మీద నిజంగా పరిశోధన చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లు చెప్పేది వినడం మేలు. ఎడ్విన్ లాక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఒక వ్యాసం రాశాడు. "నీకు చేతనైనంత చెయ్యి" అని చెప్పినప్పటికన్నా, స్పష్టంగా ఇంత అని, అదీ కొంచెం కష్టమైన అంకె పెట్టినప్పుడు మనుషులు ఎక్కువ పని చేస్తారన్నది దాని సారాంశం. గ్యారీ లేథమ్ అనే ఆయన దీన్ని ఓక్లహోమాలో దుంగలు మోసే లారీల దగ్గర పరీక్షించాడు, 1975లో ఆ ఫలితం అచ్చయింది. ఆ లారీలు చట్టం ఒప్పుకునే బరువులో దాదాపు 60 శాతమే నింపుకుని వచ్చేవి, ఎక్కువైతే జరిమానా పడుతుందని డ్రైవర్ల భయం. 94 శాతం నింపాలి అని అంకె పెట్టారు. డబ్బు ఎక్కువ ఇస్తామనలేదు, చేరకపోతే శిక్ష లేదని కూడా చెప్పారు. మొదటి నెల 80 దాకా పోయింది, రెండో నెల 70కి జారింది, ఎందుకంటే శిక్ష లేదన్న మాట నిజమేనా అని డ్రైవర్లు పరీక్షించి చూశారు. నిజమే అని తేలాక 90 దాకా ఎక్కి అక్కడే నిలిచింది. మనుషులు వాళ్లే, లారీలు అవే, జీతం అదే. మారింది ఒక అంకె, ఆ అంకె వెనక మాట నిలబెట్టుకున్న మేనేజర్లు.

ఆ రెండో నెల సంగతి గుర్తు పెట్టుకో, నీ సంఘంలోనూ అది వస్తుంది. మొదటి మీటింగ్ టైముకు వచ్చినవాళ్లు రెండో మీటింగుకు కావాలనే ఆలస్యంగా వస్తారు, నువ్వు అరుస్తావా, వదిలేస్తావా, చెప్పిన టైముకే మొదలుపెడతావా అని చూస్తారు. చెప్పిన టైముకే మొదలుపెట్టు, ముగ్గురే ఉన్నా సరే.

అయితే అంకె పెట్టుకోవడం అన్నింటికీ మందు కాదు. పని అసలే రానప్పుడు పెద్ద అంకె పెట్టుకుంటే ఇంకా చెడుతుంది. 1989లో విమానాల రాకపోకలు చూసే పనిని కొత్తగా నేర్చుకునేవాళ్ల మీద కాన్‌ఫర్, అకర్‌మన్ అనే ఇద్దరు పరిశోధన చేశారు, మొదట్లోనే కష్టమైన లక్ష్యం ఇచ్చినవాళ్ల పని కుంటుపడింది. బుర్ర అంతా అంకె మీదే ఉంటే నేర్చుకోవడానికి చోటుండదు. అందుకని కొత్త పనికి "ఇంత సాధిస్తాను" అనే లక్ష్యం కన్నా "ఇది నేర్చుకుంటాను" అనే లక్ష్యం మంచిది. నువ్వు ఇప్పుడున్నది సరిగ్గా ఆ దశలోనే. నీకు కావలసింది ధైర్యం అనుకుంటున్నావు గానీ, నా లెక్కలో నీకు కావలసింది సంఘం లెక్క.

కాబట్టి ఆ పదిటినీ కొట్టెయ్యకుండా పక్కన పెట్టి, కొత్త పేజీలో ఒక్క వాక్యం రాయి: "వినాయక చవితి నాటికి, యానిమేటర్ రాకపోయినా, మీటింగ్ లెక్క మొత్తం నేనే రాసి, కూడిక తప్పకుండా, అందరికీ చదివి వినిపిస్తాను." ఇందులో గడువుంది, జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలరు, పూర్తిగా నీ చేతిలోనే ఉంది, ఇప్పటికి నీకు రాని పని.

అది ఎలా చేయాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది లక్ష్యం దాకా చెప్పి ఇక్కడే వదిలేస్తారు. మీటింగ్ రోజు ఏం జరుగుతుందో నాకు తెలుసు. కూలికి పోయి వచ్చి, పొయ్యి మీద ఏదో పడేసి, ఒక్కొక్కరూ వస్తారు, కొంగు ముడి విప్పి డబ్బులు ఇస్తారు, యానిమేటర్ గబగబా రాసుకుంటుంది, తీర్మానం పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు, అంతే, లేచి వెళ్లిపోతారు. ఎంత వచ్చింది, ఎవరు ఎంత బాకీ అన్నది రాసిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు ఒక వంద పేజీల నోట్‌బుక్ కొను. పేరు, పొదుపు, అసలు, వడ్డీ, మిగిలిన అప్పు అని గళ్లు గియ్యి. యానిమేటర్ రాస్తున్నప్పుడు పక్కనే కూర్చుని నువ్వూ రాయి. ఉదాహరణకు మీరు పదకొండు మంది, నెలకు 200 పొదుపు అనుకో, 2,200 రావాలి, ఇద్దరు ఇవ్వలేదు కాబట్టి 1,800 వచ్చింది. ఒకామె సంఘంలో తీసుకున్న పదివేల మీద నూటికి రూపాయి చొప్పున ఈ నెల వంద వడ్డీ, వెయ్యి అసలు కట్టింది. వచ్చే నెల ఆమె వడ్డీ ఎంత? 9,000 మీద 90. ఇంకా వందే రాస్తున్నారంటే అక్కడ లెక్క తప్పింది. ఇలాంటి తప్పులు దురుద్దేశంతో జరగవు చాలాసార్లు, తొందరలో జరుగుతాయి, కానీ ఆ పది రూపాయలు ఆమెవి. చివర కూడిక వేసి యానిమేటర్ క్యాష్‌బుక్‌తో పోల్చు. తేడా వస్తే "అమ్మా, నాకు ఇంత వచ్చింది, నీకు అంత వచ్చింది, ఎక్కడ తేడా ఉందో చూద్దాం" అను. తప్పు పట్టినట్టు కాకుండా నేర్చుకుంటున్నట్టు అడుగు, నిజంగానే నేర్చుకుంటున్నావు కదా. రెండు మూడు మీటింగులు అయ్యేసరికి సభ్యుల చేతిలోని పాస్‌బుక్కులు, బ్యాంకు పాస్‌బుక్కు కూడా దీంతో సరిపోతున్నాయా అని చూడడం వచ్చేస్తుంది.

గొంతు వణకడం సంగతి కూడా దీంట్లోనే తేలుతుంది. మీటింగ్ చివర ప్రసంగం చేయాలని చూడకు. లేచి నిలబడక్కర్లేదు కూడా. నోట్‌బుక్ చూసి నాలుగు అంకెలు చదువు: ఈ రోజు పొదుపు ఇంత, అసలు ఇంత, వడ్డీ ఇంత, రేపు బ్యాంకులో కట్టేది ఇంత. గొంతు వణికినా ఎవరికీ పట్టదు, అందరి చెవులూ తమ డబ్బు మీద ఉంటాయి. ఎవరో ఒకరు "నాది ఎంతుంది మ్మా అప్పు" అని అడుగుతారు, నువ్వు గడి చూసి చెప్తావు. ఆ ఒక్క జవాబుతో నీకు వచ్చే ధైర్యం వంద వీడియోలు చూసినా రాదు. ధైర్యం కోసం ఎదురుచూసి పని మొదలుపెట్టినవాళ్ల కన్నా, పని తెలిసినందువల్ల ధైర్యం వచ్చినవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

ఇక ఎప్పుడు చేయాలి అన్నది. "టైం దొరికినప్పుడు చూసుకుంటాను" అనుకుంటే కోడలికి టైం ఎప్పుడూ దొరకదు. పీటర్ గోల్‌విట్సర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీని మీదే చాలా పని చేశాడు. ఒక ప్రయోగంలో విద్యార్థులకు పండగ రోజుల్లో ఒక రిపోర్టు రాసి పంపమని పని ఇచ్చాడు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసిచ్చినవాళ్లలో దాదాపు ముప్పావు మంది పంపారు, అలా రాయనివాళ్లలో మూడో వంతు మాత్రమే. పని ఒకటే, ఇష్టం ఒకటే, తేడా అంతా ఆ ముందు రాసుకున్న మాటలోనే. నీకైతే ఇలా ఉండొచ్చు: బుధవారం రాత్రి అన్నాలు అయ్యి గిన్నెలు కడిగి బోర్లించాక, పిల్లల పరుపు వేసే ముందు, అరగంట నోట్‌బుక్ తీస్తాను. గడియారం టైం పెట్టుకోవద్దు, కరెంటు పోవచ్చు, మామగారు ఆలస్యంగా రావచ్చు. రోజూ తప్పకుండా జరిగే పని వెనకాలే తగిలించు, గిన్నెలు కడగడం అయితే ఎలాగూ తప్పదు.

దీన్ని ఇంట్లో చెప్పు. అనుమతి అడిగినట్టు కాకుండా, విషయం చెప్పినట్టు. "అత్తా, బుధవారం రాత్రి అరగంట సంఘం లెక్క చూసుకుంటా, ఆ కాసేపు పాపను నువ్వు చూసుకో" అంటే చాలామంది అత్తలు సరే అంటారు. ఎందుకంటే వాళ్లూ ఏదో ఒక సంఘంలో సభ్యులే, తమ లెక్క ఎంతుందో ఎవరైనా చూసిపెడితే బాగుండని వాళ్లకూ ఉంటుంది. ఇంకొక మనిషికి చెప్పడం వల్ల వేరే లాభం కూడా ఉంది. 138 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2016లో వచ్చింది. ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో చూసుకునేవాళ్లు లక్ష్యం చేరడం ఎక్కువ, అదీ కాగితం మీద రాసినా, నలుగురికీ చెప్పినా ఆ ప్రభావం ఇంకా పెరుగుతుంది అని తేలింది. కానీ అందరికీ చాటకు. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే మెచ్చుకోళ్లు ముందే వచ్చేస్తాయి, పని మిగిలిపోతుంది. ఒక్క మనిషి చాలు, మొహమాటం లేకుండా "ఈ వారం రాశావా" అని అడిగే మనిషి.

ఇప్పుడు ఆ ఇద్దరి బాకీ. "బాకీలన్నీ వసూలు చేయాలి" అని రాసుకున్నావు. వసూలు అవడం వాళ్ల చేతిలో ఉంది, వాళ్ల పంట చేతిలో ఉంది, నీ చేతిలో లేదు. అనంతపురం రైతును చూడు, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేలలో వాన కురిపించాలని ఎవరూ లక్ష్యం పెట్టుకోరు, పదును ఉండగానే విత్తనం వేయడం, కలుపు పెరగక ముందే గుంటక తోలడం పెట్టుకుంటారు. నువ్వూ నీ చేతిలో ఉన్నది రాసుకో: ఈ నెలలో ఆ ఇద్దరి ఇళ్లకూ వెళ్లి కూర్చుని, ఎందుకు కట్టలేదో తెలుసుకుంటాను. అంతే, వసూలు గురించి రాయకు.

వెళ్లేటప్పుడు ఒక్కదానివే వెళ్లు, గుంపుగా పోతే పరువు తీయడానికి వచ్చారనుకుంటారు. పొద్దున పనికి పోయే హడావిడిలో కాకుండా, చీకటి పడ్డాక వెళ్లు. కంతు మాట నువ్వు ఎత్తకముందు వాళ్ల పంట సంగతి అడుగు. పత్తికొండ చుట్టుపక్కల టమాటా సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ధర పడిపోతే కోత కూలి, ఆటో కిరాయి కూడా రాక రోడ్డు మీద పారబోసి పోతారు. "ఏం జేసేది మ్మా, గంప పది రూపాయలకు గూడ అడిగేటోడు ల్యాకపాయె, యార్డు కాడ్నే వదిలేసి వస్తిమి" అని ఆమె చెప్తుంటే మధ్యలో అడ్డుపడకు. చెప్పడం అయ్యాక ఒక్క ప్రశ్న అడుగు: "అక్కా, నెలకు ఎంతైతే నీకు భారం కాదు?" ఆమె ఐదు వందలు అంటే ఐదు వందలే రాసుకో, వెయ్యి కోసం బేరం ఆడకు. కట్టగలిగిన ఐదు వందలు నెలనెలా వస్తే సంఘానికి అలవాటు నిలబడుతుంది. ఆ మాటను మీటింగులో పెట్టు, ఆమె కంతు తగ్గించి గడువు పెంచే నిర్ణయం నువ్వు ఒక్కదానివే తీసుకోకు, అందరూ ఒప్పుకుని తీర్మానం రాసి సంతకాలు పెట్టాలి. ఇది సంఘంలోపలి అప్పుకు చెల్లుతుంది. సంఘం మొత్తానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు అయితే వేరు, అక్కడ సంఘం మొత్తం గడువులోపు కట్టాలి, లేకపోతే వడ్డీ రాయితీ పోతుంది, మళ్లీ అప్పు పుట్టడం కష్టమవుతుంది. ఆ సంగతి కూడా మొహమాటపడకుండా అందరి ముందూ చెప్పు. ఎవరి కంతుకు ఎంత తక్కువ పడుతుందో నీ నోట్‌బుక్‌లో ఉంటుంది కాబట్టి ఇప్పుడు చెప్పగలవు.

రెండో మనిషి దగ్గర డబ్బుండి కూడా కట్టడం లేదని తెలిస్తే? అలాంటివాళ్లూ ఉంటారు. అప్పుడు కూడా నువ్వు ఒక్కదానివే గొడవకు దిగకు. "నేను నీ ఇంటికి వచ్చినాను, అడిగినాను, వచ్చే మీటింగులో అందరికీ ఇదే చెప్తాను" అని ముందే ఆమెకు చెప్పి, అలాగే చెయ్యి. చెప్పకుండా మీటింగులో పెడితే మోసం చేసినట్టు ఉంటుంది, చెప్పి కూడా పెట్టకపోతే ఇంకెవరూ నీ మాటకు విలువ ఇవ్వరు.

సంఘం అంతటికీ ఏదైనా లక్ష్యం పెట్టాలంటే చవితి అయ్యేదాకా ఆగు, అదీ నువ్వు ఇంట్లో రాసుకొచ్చి చదవకు, వాళ్లనే అడుగు. ఓర్వకల్లు మండల మహిళల సమాఖ్య పేరు వినే ఉంటావు. 1990ల మధ్యలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేదరిక నిర్మూలన కార్యక్రమం నడిచిన రోజుల్లో ఎదిగినవాళ్లు. ఆ కాలంలో సంఘాల పొదుపు అంటే రోజుకు రూపాయి లెక్క. ఇప్పుడు వింటే చిన్నదిగా ఉంటుంది గానీ, చేతిలో రూపాయి ఆడని రోజుల్లో రోజూ రూపాయి తీసి పక్కన పెట్టడం చిన్న లక్ష్యం కాదు, అలాగని అసాధ్యమూ కాదు, పైగా అది వాళ్లు కూర్చుని ఒప్పుకున్న అంకె. అక్కడినుంచి మొదలై సొంతంగా పిల్లలకు బడి నడిపేదాకా పోయారు. మొదటి రోజే బడి పెడదాం అని కూర్చుని ఉంటే రూపాయి దగ్గరే గొడవలు అయ్యేవి.

మీ సంఘంలో మొదటి ఉమ్మడి లక్ష్యంగా మీటింగ్ టైం పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏ వారం, ఏ పూట అన్నది వాళ్లే తేల్చనీ. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం ఊళ్లకు ఊళ్లే దిగుతాయి, మీ ఊరినుంచి కూడా పోతారు, ఆ రోజుల్లో సాయంత్రం ఆరుకు మీటింగ్ అంటే ఎవరూ రారు, రాలేదని కోపం తెచ్చుకోవడం అన్యాయం. విత్తనాల రోజులు, కోతల రోజులు ముందే లెక్కేసుకుని టైం మార్చుకోండి.

మధ్యలో తప్పుతుంది, తప్పకుండా తప్పుతుంది. పాపకు జ్వరం వస్తుంది, పుట్టింట్లో ఏదో జరుగుతుంది, రెండు బుధవారాలు నోట్‌బుక్ తెరవవు. అప్పుడు "నా వల్ల కాదు" అని మొత్తం పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. అలా చేయకు, గడువును కూడా వెంటనే జరపకు. పనిని తగ్గించు. మొత్తం లెక్క రాయలేకపోతే ఆ మీటింగుకు పొదుపు గడి ఒక్కటే రాయి. ఎందుకు తప్పిందో ఒక ముక్క రాసి పెట్టుకో. మూడుసార్లు ఒకే కారణం కనబడితే, ఉదాహరణకు బుధవారం మీ ఆయన డ్యూటీనుంచి ఆలస్యంగా వస్తాడు అనుకో, రోజు మార్చు, నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

కుట్టు మిషన్ల యూనిట్ గురించి విడిగా చెప్తాను, ఎందుకంటే నీ పదింటిలో నిజంగా డబ్బు పోయే ప్రమాదం ఉన్నది అదొక్కటే. ఈ ఏడాది వద్దు. కోరిక మంచిదే, కానీ అప్పు తెచ్చి మిషన్లు కొన్నాక పని దొరక్క, గుడ్డ కప్పి మూలన పెట్టిన మిషన్లు చాలా ఊళ్లలో చూశాను. దానికి కూడా ముందు నేర్చుకునే లక్ష్యం పెట్టుకో: దసరాకు కర్నూలు పోతావు కదా, అప్పుడు నలుగురు టైలర్ల దగ్గర జాకెట్‌కు ఎంత తీసుకుంటున్నారు, దారం, హుక్కులు, లైనింగ్ ఖర్చు ఎంత, రోజుకు ఎన్ని కుడతారు, ఏ నెలల్లో పని ఉండదు అని అడిగి రాసుకో. సంఘంలో కుట్టు వచ్చినవాళ్లు ఎందరో లెక్కపెట్టు. ఇద్దరికి మించి లేకపోతే ముందు శిక్షణ, తర్వాతే మిషన్లు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ శిక్షణ కేంద్రాల్లో ఇలాంటివి ఉచితంగా, ఉండడానికి చోటు, భోజనంతో సహా నేర్పిస్తారు, సంఘాలను చూసుకునే ఉద్యోగి, మీ సీసీని అడిగితే దరఖాస్తు ఎలాగో చెప్తారు.

ఇంగ్లీష్, ఐదుకు లేవడం, కోపం, ఇవన్నీ చవితి తర్వాత చూద్దువు. వీడియోలు మానేయమని అనను, మనసుకు హాయిగా ఉంటే చూడు, కానీ బుధవారం రాత్రి ఫోన్ వేరే గదిలో ఉండాలి.

చివరిగా ఆ పెద్దావిడ. దీన్ని నువ్వు ప్రశ్నలో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు గానీ నాకు అన్నింటికన్నా ముఖ్యంగా అనిపించింది. ఏళ్ల తరబడి ఆ సంఘాన్ని మోసిన మనిషి. చదువు రాకపోయినా ఏ ఇంట్లో ఎంత అప్పుందో, ఎవరు ఎప్పుడు కట్టలేకపోయారో, ఏ బ్యాంకు మేనేజర్ దగ్గర ఎలా మాట్లాడాలో ఆమెకు నోటికి వచ్చు. ఇప్పుడు ఆమె మౌనంగా ఉంటే నీ మీద కోపంతోనే అనుకోకు, తన చోటు ఏమిటో తెలియక కూడా కావచ్చు. మొదటి నోట్‌బుక్ పేజీ రాయకముందే ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లు. పాత మినిట్స్ పుస్తకాలు ఆమె ట్రంకు పెట్టెలోనే ఉండొచ్చు, చూపించమని అడుగు. ఆ ఇద్దరి బాకీ ఎలా మొదలైందో అడుగు. నువ్వు లెక్క చదివే రోజున పక్కన కూర్చోమని అడుగు, "నేను తప్పు చదివితే నువ్వు చెప్పాలి పెద్దమ్మా" అను. ఒప్పుకోకపోయినా మళ్లీ నెల అడుగు. నోట్‌బుక్‌లో రాసిన ఆ వాక్యం కింద ఆమె దగ్గరికి ఏ రోజు వెళ్తావో కూడా రాసుకుని, వెళ్లి వచ్చాక ఏం జరిగిందో ఇక్కడే రాయి. లెక్కలో ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ పేజీ ఫోటో పెట్టు, పేర్లు కనబడకుండా చూసుకో, కూర్చుని చూద్దాం.